గోదావరి లోయ సొరచేపలు

ఎల్లారెడ్డి చుట్టూ ఉన్న గుట్టల్లో ఎంత వెతికినా సొరచేప శిలాజం దొరకదు. లోపం వెతికేవాళ్లది కాదు, అక్కడి రాయి అటువంటిది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా దారికి రెండు వైపులా కనిపించే గుండ్లు, పోచారం చెరువు చుట్టూ ఉన్న బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందటివి. భూమి లోతున కరిగి ఉన్న శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడిన గ్రానైటు అది. కరిగిన రాతిలో జీవి ఆనవాలు నిలిచే ప్రశ్నే లేదు. పైగా అప్పటికి భూమి మీద సూక్ష్మజీవులు తప్ప మరో ప్రాణి పుట్టలేదు. జిల్లా పడమటి కొసన మద్నూర్, జుక్కల్ వైపు వెళితే నల్లరేగడి కింద బసాల్టు వస్తుంది. దాని వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలు. అది కూడా లావా పారి గడ్డకట్టినదే. ఈ రెండింటి నడుమ ఎంతో కాలం గడిచింది. చేపలు పుట్టాయి, కాళ్లు తెచ్చుకుని నేలకెక్కాయి, డైనోసార్లు వచ్చి పెరిగాయి. వాటి ఆనవాళ్లను దాచగల ఒండ్రు పొరలు మాత్రం ఈ ప్రాంతంలో కనిపించవు.

అయితే ఇదే జిల్లా మీదుగా పారే మంజీర నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లు శ్రీరాంసాగర్ మీదుగా మంచిర్యాల చేరేసరికి నేల తీరే మారిపోతుంది. గ్రానైటు వెనకబడి ఇసుకరాయి, ఎర్రని బంకమట్టి, సున్నపురాయి, బొగ్గు మొదలవుతాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రాణహిత–గోదావరి లోయ అని పిలిచేది ఈ ప్రాంతాన్నే. దక్షిణ భారతం ఇంకా ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంగా ఉన్న రోజుల్లో ఇక్కడ నేల పొడవునా బీటవారి, నడిమి భాగం కుంగింది. కుంగిన పల్లంలోకి నదులు ఒండ్రు మోసుకొచ్చాయి. పది కోట్ల సంవత్సరాలకు మించి పొర మీద పొర పేరుకుంది. అడుగు పొరల్లోని అడవులు సింగరేణి బొగ్గయ్యాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ లోయను నడిచి చూసి, 1881లో దాని భూగర్భ వివరణను ప్రచురించాడు. బొగ్గు కోసం సాగిన ఇలాంటి పనితో పాటే ఎముకల వేట కూడా సాగింది.

ఈ లోయలో సొరల, వాటి బంధువుల అవశేషాలు మూడు వేర్వేరు కాలాల పొరల్లో దొరికాయి. మొదటివి సుమారు 22 కోట్ల సంవత్సరాల నాటివి, రెండోవి 18 కోట్ల నాటివి, మూడోవి డైనోసార్లు అంతరించబోయే కాలం నాటివి. మూడింటిలో ఒక్కటి కూడా సముద్రపు అడుగున పేరుకున్న పొర కాదు. ఒకటి నదీ మైదానం, ఒకటి సరస్సు, మరొకటి లావా ప్రవాహాల మధ్య నిలిచిన నీటి మడుగు. సొర అనగానే సముద్రం గుర్తొచ్చే మన అలవాటుకు గోదావరి లోయ ఒప్పుకోదు. ఈ వ్యాసానికి విషయం అదే.

ముందుగా సొర శిలాజం అంటే ఏమిటో చూడాలి. సొరకు ఎముకల్లేవు. దాని పుర్రె, వెన్నుపూసలు, దవడలు అన్నీ మృదులాస్థే. మన చెవి డొప్పలో, ముక్కు కొనలో ఉండేది అలాంటి పదార్థమే. చచ్చిన సొర కొద్ది రోజుల్లోనే కుళ్లి విడిపోతుంది. మృదులాస్థి పైన సున్నపు రేణువులు చిన్న చిన్న పలకలుగా పేరుకుని ఉంటాయి కాబట్టి అరుదుగా, గాలి సోకని బురదలో వెంటనే పూడుకుపోతే, శరీరాకృతి మిగలవచ్చు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు నల్లని పలకరాళ్లలో దొరికిన క్లాడోసెలాకి అలాంటి అదృష్టవంతురాలు. సుమారు 36 కోట్ల సంవత్సరాల కిందటి ఆ సొర శరీరం రూపురేఖలు, రెక్కలు, కొన్నింటిలో కండరాల జాడలు కూడా నిలిచాయి. మిగిలిన చోట్ల మనకు దక్కేది ముఖ్యంగా పళ్లు, చర్మం మీది సూక్ష్మమైన పొలుసులు, రెక్కల ముందుండే ముళ్లు.

పళ్లు మాత్రం ధారాళంగా దొరుకుతాయి. మనకు రెండు విడతలుగా వచ్చి ఆగిపోతాయి. సొరకు జీవితాంతం వస్తూనే ఉంటాయి. దవడ లోపలి అంచున కొత్త పళ్ల వరుసలు తయారై ముందుకు జరుగుతూ ఉంటాయి, ముందు వరుసలోవి రాలిపోతుంటాయి. ఒక్క సొర బతికినన్నాళ్లలో వేల పళ్లు రాలుస్తుంది. రాలిన పన్ను మామూలు ఎముక కంటే గట్టిది. దాని పై పొరలో ఫ్లోరిన్ కలిసిన ఫాస్ఫేటు ఖనిజం ఉంటుంది, అది నీటిలో తేలిగ్గా కరగదు. అందుకే ప్రాచీన సొరల శాస్త్రం చాలావరకు పళ్ల శాస్త్రమే. దీనిలో ఓ చిక్కు కూడా ఉంది. ఒకే సొర నోట్లో ముందరి పళ్లకు, వెనక పళ్లకు పోలిక ఉండకపోవచ్చు. చిన్నపిల్ల పన్ను ఒకలా, ముదిరినదాని పన్ను మరోలా ఉండవచ్చు. ఒకే జంతువుకు రెండు పేర్లు పెట్టడం, రెండు జంతువులను ఒకే పేరు కింద కలపడం ఈ శాస్త్రంలో తరచుగా జరిగాయి. పేర్లు పదేపదే మారుతుంటే విసుగు పడనక్కర్లేదు. సాక్ష్యం పళ్ల వరకే ఉన్నప్పుడు తీర్పు మారడం సహజం.

పళ్లను పళ్లుగా గుర్తించడానికే మనిషికి చాలా కాలం పట్టింది. ఐరోపాలో కొండరాళ్ల నుంచి వచ్చే మూడు మూలల నున్నని రాళ్లను పాముల నాలుకలు రాయిగా మారినవని నమ్మి విషానికి విరుగుడుగా వాడేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర జాలర్లు ఒక పెద్ద సొరను పట్టారు. దాని తలను కోసి పరిశీలించే పని నికొలస్ స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడికి అప్పగించారు. నోట్లోని పళ్లనూ, ఆ 'నాలుక రాళ్ల'నూ పక్కపక్కన పెట్టి చూసి, రాళ్లు కూడా ఒకప్పుడు సొర పళ్లేనని అతను 1667లో రాశాడు. కొండమీది రాతిలోకి సముద్రపు జంతువు పన్ను ఎలా వచ్చిందన్న ప్రశ్నే, పొరలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయని, కిందిది పాతదని, పైది కొత్తదని అతను తరువాత చెప్పిన సూత్రానికి దారి తీసింది. భూగర్భ శాస్త్రం సొర నోట్లోంచి మొదలైందని సరదాగా అనుకోవచ్చు.

సొరల పుట్టుక ఎంత పాతదన్న విషయంలో ఈ మధ్య చాలా కొత్త సంగతులు తెలిశాయి. అమెరికాలోని కొలరాడో ఇసుకరాళ్లలో సొర పొలుసులను పోలిన సూక్ష్మమైన పొలుసులు సుమారు 45 కోట్ల సంవత్సరాల నాటివి ఉన్నాయి. అవి నిజంగా సొరలవేనా అన్నది వాదనలోనే ఉంది. దక్షిణ చైనాలో సుమారు 43.9 కోట్ల సంవత్సరాల నాటి పళ్లు దొరికాయి. వాటిని కియానోడస్ అనే పేరుతో 2022లో ప్రకటించారు. వెన్నెముక ఉన్న జంతువుల పళ్లలో ఇప్పటికి తెలిసినవాటిలో అవి అతి పాతవి. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో దొరికిన డోలియోడస్ సుమారు 40 కోట్ల సంవత్సరాల కిందటిది. సొర లక్షణాలతో పాటు దాని ఛాతీ రెక్కల ముందు పెద్ద ముళ్లున్నాయి. అలాంటి ముళ్లుండే అకాంథోడియన్లు అనే ప్రాచీన చేపల గుంపు నుంచే సొరల వంశం విడివడిందన్న అభిప్రాయానికి అది బలమైన ఆధారం.

ఇంకో పాత నమ్మకం కూడా కదిలింది. ఎముక రాకముందు మృదులాస్థి ఉండేదని, సొర ఆ తొలి దశలోనే ఆగిపోయిన జంతువని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. మంగోలియాలో దొరికిన మింజినియా అనే కవచపు చేప పుర్రెలో లోపలి ఎముక ఉన్నట్టు 2020లో తేలింది. అది సొరలు, ఎముక చేపలు విడిపోకముందటి కొమ్మకు చెందినది. అంటే సొరల పూర్వీకులకు ఎముక ఉండి, తరువాత పోయి ఉండవచ్చు. సొరను 'ఆదిమ జీవి' అని తేలిగ్గా అనేసే అలవాటు మనకు పోదు గానీ, ఈ లెక్కన అది తన దారిలో చాలా దూరం మారిన జంతువే.

ఇక మన లోయకు వద్దాం.

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో మాలేరి అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరే అక్కడి ఎర్ర బంకమట్టి పొరలకు పెట్టారు. నాగపూర్‌లో ఉండిన స్కాటిష్ మతప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ 1850లలో ఈ ప్రాంతపు శిలాజాలను సేకరించి పంపేవాడు. వాటిలో గట్లు గట్లుగా ఉన్న పెద్ద పళ్ల పలకలున్నాయి. భూగర్భ సర్వేక్షణ సంస్థ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వాటికి సెరటోడస్ హిస్లోపియానస్ అని పేరు పెట్టాడు. సెరటోడస్ అన్న జాతి పేరు అంతకు ముందే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు లూయీ అగస్సీ పెట్టినది. ఐరోపాలో దొరికిన అలాంటి పలకలను అతను సొరల పళ్లనే అనుకున్నాడు. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో బతికున్న ఒక వింత చేపను కనుగొన్నారు. దాని నోట్లో అచ్చం అవే పలకలు కనిపించాయి. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే చేప. దాంతో సెరటోడస్ సొరల జాబితాలోంచి పోయింది. మాలేరి నేలలో తొలి సొరలుగా లెక్కకు వచ్చేవి కాస్తా ఊపిరితిత్తి చేపలుగా తేలాయి.

అసలు సొరలు బయటపడటానికి ఇంకో శతాబ్దం పట్టింది. భారతీయ గణాంక సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పురాజీవ శాస్త్రజ్ఞురాలు పమేలా రాబిన్సన్ 1957లో కలకత్తాలోని ఆ సంస్థకు వచ్చి, అక్కడ భూగర్భ విభాగానికి నాంది పలికింది. గణాంకాల సంస్థకు శిలాజాలతో ఏం పని అన్న ప్రశ్న ఇప్పటికీ కొందరికి వస్తుంది. ఎముకలను కొలిచి పోల్చడంలోనూ లెక్కల పని ఉందని మహలనోబిస్ ఆలోచన. ఆ విభాగం వాళ్లు గోదావరి లోయను ఏళ్ల తరబడి తిరిగారు. వారిలో ఒకరైన సోహన్ లాల్ జైన్ 1980లో మాలేరి పొరల నుంచి జెనాకాంథ్ సొరల పళ్లను వర్ణించి, జెనాకాంథస్ ఇండికస్ అని పేరు పెట్టారు. తరువాతి పరిశోధకులు దాన్ని మూరియోడోంటస్ అనే జాతిలోకి మార్చారు.

ఆ పన్ను చాలా చిన్నది, కొన్ని మిల్లీమీటర్లకు మించదు. కానీ ఒకసారి చూసినవారు మరో చేప పన్నుగా పొరబడరు. అడుగున మందమైన మొదలు ఉంటుంది. దాని మీంచి రెండు పొడవాటి మొనలు చెరో వైపుకు వాలి లేస్తాయి. రెండింటి సందులో మూడోది ఉంటుంది, పొట్టిగా, సన్నగా. మొదలు పైభాగాన, నాలుక వైపున, చిన్న బుడిపె ఉంటుంది. కొత్త పన్ను ముందుకు జరిగి పాతదాని వెనక నిలిచినప్పుడు రెండింటినీ కలిపి పట్టి ఉంచడంలో ఈ బుడిపెకు పని ఉందని అనుకుంటారు. పక్కలకు వాలిన మొనలు కోయడానికి పనికిరావు, జారిపోయే ఎరను పట్టి ఉంచడానికి బాగా పనికొస్తాయి.

ఐరోపాలో, మాలేరి కంటే ముందటిదైన పర్మియన్ కాలపు సరస్సుల అడుగున జెనాకాంథ్‌ల పూర్తి శరీరాలు దొరికాయి కాబట్టి వాటి రూపం మనకు తెలుసు. పొడవాటి సన్నని ఒళ్లు, వీపు పొడవునా సాగిన రెక్క, తల వెనక ఒకే ఒక్క ముల్లు. ఇప్పటి సొరకున్న కోణాకారపు వీపు రెక్క, నెలవంక తోక దీనికి లేవు. చెరువుల్లో, నదుల్లో కలుపు మొక్కల మధ్య నెమ్మదిగా తిరుగుతూ వేటాడి ఉంటుంది. మాలేరి కాలానికి ఈ గుంపు అంతిమ దశలో ఉంది. సుమారు 20.1 కోట్ల సంవత్సరాల కిందట ట్రయాసిక్ యుగం ముగిసేసరికి ప్రపంచమంతటా జెనాకాంథ్‌లు అంతరించాయి. మధ్యప్రదేశ్‌లోని టికి పొరల నుంచి కూడా ఈ జాతి పళ్లను ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2018లో ప్రకటించారు. ఆనాటి భారత నదుల్లో ఈ సొరలు ఒక్క గోదావరి లోయకే పరిమితం కాలేదని అర్థమవుతోంది.

ఆ నదిలో వాటికి తోడెవరు? ఊపిరితిత్తి చేప సరే. అడుగున పొంచి ఉండే చదును తల ఉభయచరం ఉండేది. దాని పేరు ఇప్పుడు పాంథాసారస్ మాలేరియెన్సిస్. మొసలిని పోలిన పొడవాటి మూతి సరీసృపం పారాసుకస్ హిస్లోపి ఉండేది. గట్టున దుంపలూ ఆకులూ నమిలే ముక్కులాంటి మూతి ఉన్న సరీసృపం హైపరోడపెడన్ తిరిగేది. వానలు పడితే వరదలు, ఎండలు ముదిరితే ఎండిన వాగులు. ఎర్రమట్టిలో గట్టిపడిన సున్నపు ఉండలు ఆ రుతువుల జాడలు.

మాలేరి మట్టిలో పళ్ల కంటే ఎక్కువగా కనిపించేది రాయిగా మారిన మలం. నవ్వు వచ్చినా ఇది గట్టి సాక్ష్యం. వేలెడు పొడవున్న ముక్కలు వానకు మట్టి కొట్టుకుపోయిన చోట నేల మీదే పడి ఉంటాయి. వాటిలో కొన్నింటిని జాగ్రత్తగా చూస్తే పైన చుట్టూ తిరిగిన గీతలు కనిపిస్తాయి. కోసి చూస్తే లోపల కూడా పొరలు సుడి తిరిగి ఉంటాయి. సొరల పేగు మన పేగులా పొడవుగా ఉండదు. పొట్టి గొట్టంలో మెట్లు మెట్లుగా సుడి తిరిగిన మడత ఉంటుంది. ఆహారం ఆ మడత వెంట తిరుగుతూ కిందికి దిగుతుంది, తక్కువ చోటులోనే ఎక్కువ సారం పీల్చుకోవడానికి వీలవుతుంది. ఆ మడత అచ్చు మలం మీద పడుతుంది. ఇంగ్లండ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం బక్లండ్ 1829 ప్రాంతంలో ఈ సంగతి తేల్చడానికి చిన్న సొరల పేగుల్లోకి సిమెంటు ఎక్కించి, గట్టిపడ్డాక వచ్చిన అచ్చును శిలాజంతో పోల్చాడు. మాలేరి సుడి ముక్కలను చార్లెస్ మాట్లీ 1939లో వర్ణించాడు. జైన్ 1983లో వాటి మీద విడిగా ఒక వ్యాసం ప్రచురించారు. ఇక్కడో మెలిక ఉంది. ఊపిరితిత్తి చేప పేగులోనూ ఇలాంటి సుడి మడతే ఉంటుంది. రెండూ ఒకే నదిలో బతికాయి. కాబట్టి ఏ ముక్క ఏ చేపదో ఒక్క సుడిని చూసి చెప్పలేం. 1979లో ఒక మాలేరి మలశిలలోపల మంచినీటి ఆస్ట్రకాడ్ అనే సూక్ష్మమైన గుల్లజీవుల అవశేషాలను ప్రకటించారు. ఆ నీళ్లు ఉప్పువి కావని చెప్పే సాక్షి అది.

మంచినీళ్ల సంగతికి ఇంత పట్టుదల ఎందుకంటే, సొర శరీరానికి అది చిన్న విషయం కాదు. సముద్రంలో బతికే సొర తన రక్తంలో యూరియాను పెద్ద మొత్తంలో నిలవ ఉంచుకుంటుంది. దానివల్ల రక్తపు గాఢత సముద్రపు నీటి గాఢతకు సుమారుగా సమానమై, ఒంట్లో నీరు బయటికి పోదు. అదే ఒంటితో నదిలోకి వస్తే బయటి నీరు లోపలికి తోసుకొస్తుంది, ఉప్పు బయటికి పోతుంది. ఈ మార్పుకు తట్టుకోవాలంటే మూత్రపిండాల పని తీరు మారాలి. ఇప్పటి బుల్ షార్క్ ఆ సర్దుబాటు చేసుకుని నదుల్లో వందల కిలోమీటర్లు ఎగువకు పోగలదు. గంగా నది సొర ఇప్పుడు కనిపించడమే గగనమైపోయింది. సొరల బంధువులైన, దక్షిణ అమెరికా నదుల్లోని టేకు చేపలైతే యూరియా నిలవ చేసుకునే శక్తినే కోల్పోయి పూర్తిగా మంచినీటివైపోయాయి. ఇవి నేటి సొరల్లో, టేకుల్లో అరుదైన మినహాయింపులు. 22 కోట్ల సంవత్సరాల కిందట గోదావరి లోయలో మాత్రం అది మినహాయింపులా కనిపించదు.

రెండో కాలానికి పోవాలంటే ప్రాణహిత దాటాలి. సిరొంచ దగ్గర, ఇప్పటి గడ్చిరోలి జిల్లాలో ఉన్న కోట అనే ఊరి పేరు మీద కోట పొరలని పిలుస్తారు. తెలంగాణ వైపు కూడా ఈ పొరలు సాగాయి. ఇవి జురాసిక్ యుగానివి. ఇక్కడి సున్నపురాయి ఒకప్పటి సరస్సు అడుగు. మెరిసే గట్టి పొలుసుల చేప లెపిడోటిస్ డెక్కనెన్సిస్‌ను ఇక్కడి నుంచే 1851లో ఈజర్టన్ వర్ణించాడు. సీలకాంత్ అనే అతి పురాతన చేప గుంపుకు చెందిన ఇండోసీలకాంథస్‌ను జైన్ 1974లో ప్రకటించారు.

సొర మాత్రం సున్నపురాయి పలకల మీద కనిపించలేదు. మట్టిని జల్లిస్తే కనిపించింది. ఆ పద్ధతి చెప్పుకోదగినది. పొలంలోంచి మట్టిని సంచులకెత్తి ఆరబెట్టి, నీళ్లలో నానేస్తారు. మొండికేసే మట్టయితే ముందుగా కిరోసిన్‌లో నానబెట్టి, తరువాత నీళ్లలో వేస్తే విడిపోతుంది. బురదను సన్నని జల్లెడల మీద పోసి కడుగుతారు. అడుగున మిగిలిన గుప్పెడు ఇసుకను ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పళ్లెంలో పరిచి, తడి కుంచె కొనతో రేణువులను ఒక్కొక్కటిగా జరుపుతూ వెతుకుతారు. సంచి మట్టికి ఒక పన్ను దొరికినా ఆ రోజు మంచిరోజే. భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన పి. యాదగిరి కోట పొరల నుంచి దొరికిన హైబోడాంట్ సొర పళ్లకు 1986లో లిస్సోడస్ ఇండికస్ అని పేరు పెట్టారు. తరువాత దాన్ని దగ్గరి బంధువైన లాంకిడియాన్‌లో చేర్చారు.

హైబోడాంట్‌లు నేటి సొరలకు బాగా దగ్గరి చుట్టాలు. వీపు మీద రెండు రెక్కలు, ఒక్కోదాని ముందు ఒక్కో ముల్లు ఉండేవి. మగవాటి తల మీద కొక్కేల్లాంటి ముళ్లు కూడా ఉండేవి. కొన్ని సముద్రంలో పెద్దవిగా పెరిగాయి. లాంకిడియాన్ వంటివి బుల్లి చేపలు, మంచినీళ్లలోనే ఎక్కువగా దొరుకుతాయి. కోట పన్ను అడ్డంగా సాగి, ఎత్తు తక్కువగా ఉంటుంది. నడుమ పెద్దగా లేవని మొన, దాని పక్కలకు పాకిన గట్టు. పొంచి పట్టే జెనాకాంథ్ పన్నుకు ఇది పూర్తిగా భిన్నం. గుల్లజీవులను, చిన్న రొయ్య జాతులను నలిపి తినే నోరిది. ఒకే లోయలో నాలుగు కోట్ల సంవత్సరాల తేడాలో మంచినీటి సొర స్థానం చేతులు మారింది. పాత గుంపు అంతరించింది, దాని చోటు ఇంకో గుంపుకు దక్కింది. వచ్చినది తిండి మాత్రం వేరుగా తింది.

1988లో ఇదే యాదగిరి యామన్‌పల్లి దగ్గర దొరికిన పెద్ద డైనోసార్‌కు కోటసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. బడిపిల్లలు వరసగా వచ్చి చూసి పోతారు. వాళ్లెవరికీ ఆ డైనోసార్ నీళ్లు తాగిన కాలపు సొర సంగతి తెలియదు. తప్పు పిల్లలది కాదు. బియ్యపుగింజ కంటే చిన్న పన్నును అద్దాల పెట్టెలో పెట్టి చూపించాలంటే దాని పక్కన భూతద్దం, పెద్ద బొమ్మ, నాలుగు మాటల వివరణ కావాలి. అవి పెద్ద ఖర్చులు కావు. మన ప్రదర్శనశాలలు పరిమాణాన్ని చూసి ప్రాముఖ్యాన్ని నిర్ణయించే అలవాటు మానుకోవాలని నాకనిపిస్తుంది.

మూడో కాలపు సాక్ష్యం ఆసిఫాబాద్ దగ్గర ఉంది. అప్పటికి దక్కను లావా ప్రవాహాలు మొదలయ్యాయి. లావా ఒక్కసారిగా పారి ఆగిపోలేదు. ఒక ప్రవాహానికీ మరోదానికీ మధ్య వేల సంవత్సరాల విరామం వచ్చేది. ఆ విరామాల్లో వాన నీరు నిలిచి మడుగులు ఏర్పడ్డాయి, బురద పేరుకుంది, మళ్లీ లావా వచ్చి కప్పింది. రెండు బసాల్టు పొరల నడుమ పలచగా కనిపించే ఆ లేతరంగు మట్టినే లావాల నడిమి పొరలంటారు. గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ కపెట్టా కలిసి 1993లో ఆసిఫాబాద్ పొరల నుంచి ఇగ్డబాటిస్ ఇండికస్ అనే టేకు చేపను ప్రకటించారు. టేకులు సొరలకు సొంత దాయాదులే, ఒళ్లు చదునై రెక్కలు పక్కలకు పరుచుకున్న మృదులాస్థి చేపలు. ఇదే ప్రసాద్ అంతకు ముందు 1988లో అశోక్ సాహ్నితో కలిసి, వికారాబాద్ వైపున్న నస్కల్‌లో ఇలాంటి పొరల నుంచే డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదాన్ని ప్రకటించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు.

ఇగ్డబాటిస్ పన్ను మొన ఉన్నది కాదు. పైన చదునుగా, అంచులు కోసినట్టు పలక పలకగా ఉంటుంది. పక్క పళ్లతో ఒరుసుకుని, ఇంటి ముందు సందు లేకుండా పరిచిన షాబాదు బండల్లా దవడ మీద అమరుతుంది. గుల్లలను పగలగొట్టే నోరది. ఈ జాతిని మొదట గుర్తించింది ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, సముద్రం చేరువలో పేరుకున్న పొరల్లో. అలాంటి టేకు, సముద్రానికి దూరంగా ఉన్న దక్కను మడుగులోకి ఎలా వచ్చింది?

ఇక్కడ వాదన రెండుగా చీలింది. సముద్రం ఒక పాయలా లోపలికి చొచ్చుకొచ్చిందని ఒక పక్షం. గోదావరి కోసిన పాత బీటలోనో, నర్మద–తపతి బీటలోనో ఆ పాయ ఉండి ఉండాలని వారు చెబుతారు. మధ్యప్రదేశ్‌లోని ఝిల్మిలి దగ్గర లావాల నడిమి పొరల్లో సముద్రపు నీటిలో తేలే సూక్ష్మజీవుల గుల్లలు దొరికినట్టు 2009లో వచ్చిన పరిశోధన వారికి బలమిచ్చింది. గోదావరి దిగువన రాజమండ్రి దగ్గర లావాల కింద, నడుమ సముద్రపు పొరలు ఉన్న మాట అందరూ ఒప్పుకునేదే. ఆనాటి తీరం అక్కడే ఉండేది. ఆసిఫాబాద్ దానికి చాలా ఎగువన ఉంది. రెండో పక్షం వారు మడుగుల్లో దొరికే మిగిలిన జీవులను చూపిస్తారు. కప్పలు, మంచినీటి నత్తలు, నీటిమొక్కల విత్తనాలు, అన్నీ మంచినీటివే. టేకు చేపలు నది వెంట ఎగువకు వచ్చి ఉండవచ్చని, దానికి సముద్రమే కదిలి రావాల్సిన పనిలేదని వారంటారు. మాలేరి, కోట సొరలను చూశాక నాకు ఈ రెండో మాటే ఎక్కువ నమ్మదగినదనిపిస్తుంది. సొర బంధువు కనిపించగానే ఉప్పునీటిని ఊహించడం తొందరపాటు. అయితే ఇగ్డబాటిస్ గుంపు చాలావరకు తీరపు జలాలదే కాబట్టి మొదటి పక్షాన్ని కొట్టిపారేయడానికీ లేదు.

ఈ తగవును తీర్చే దారి ఆ పళ్లలోనే ఉంది. పన్ను ఏర్పడేటప్పుడు ఆ నీటిలోని ఆక్సిజన్, స్ట్రాన్షియం దాని ఖనిజంలో చేరతాయి. ఆక్సిజన్‌లో బరువైన పరమాణువులు, తేలికైనవి ఉంటాయి, వీటినే ఐసోటోపులంటారు. సముద్రపు నీటిలోనూ, వాన నీటిలోనూ వాటి పాళ్లు వేరు. స్ట్రాన్షియం విషయంలో కూడా అంతే. సముద్రమంతటా ఒక కాలంలో దాని ఐసోటోపుల పాలు ఒకటే ఉంటుంది, నదిలో అది నది కోసుకొచ్చే రాతిని బట్టి మారుతుంది. పాత గ్రానైటు మీదుగా వచ్చిన నీటికి ఒక గుర్తు, బసాల్టు మీద నిలిచిన నీటికి మరో గుర్తు. ఐరోపాలో పర్మియన్ కాలపు సొర పళ్ల మీద ఈ పరీక్షలు చేసి, అవి మంచినీటిలోనే పెరిగాయని నిర్ధారించగలిగారు. ఆసిఫాబాద్ టేకు పన్ను సముద్రంలో ఏర్పడిందా, దక్కను మడుగులో ఏర్పడిందా అన్నది అలాంటి కొలతతోనే తేలాలి. అయితే కొలవడానికి పన్నులో కొంత భాగాన్ని పొడి చేయాలి. సంచి మట్టికి ఒకటి దొరికే పన్నును పొడి చేయడానికి ఏ పరిశోధకుడికైనా చెయ్యి ఆడదు. ముందు ఇంకా చాలా సంచుల మట్టి జల్లించాలి.